వెబ్‌సైటు వెడల్పు కొనేవాళ్ల చేతిలో ఉంది

చిన్న వ్యాపారాలకు వెబ్‌సైట్లు చేసిపెట్టడం నా పని. విజయవాడ గవర్నరుపేటలో ఆఫీసు. చీరల దుకాణాలు, పచ్చళ్లవాళ్లు, లాడ్జీలు, డయాగ్నొస్టిక్ సెంటర్లు, అప్పుడప్పుడూ ఒక రైసు మిల్లు. నా దగ్గరికి వచ్చేది ఇలాంటివాళ్లే. వీళ్లలో చాలామందికి అప్పటికే ఒక సైటు ఉంటుంది. కొన్నేళ్ల కిందట ఎవరో చేసి ఇచ్చి ఉంటారు. విజిటింగ్ కార్డు మీదా, క్యారీబ్యాగు మీదా దాని అడ్రసు వేయించి ఉంటారు. "సైటైతే ఉందమ్మా, దానివల్ల ఒక్క ఆర్డరూ రాలేదు" అంటారు. ఆ మాట వినగానే వాళ్ల జేబులో ఉన్న ఫోను తీసి అందులో ఆ సైటు తెరవమంటాను. తన సైటును తన ఫోన్లో ఎప్పుడూ తెరిచి చూడని యజమానులే ఎక్కువమంది.

మంగళగిరి నుంచి ఒక పెద్దాయన వచ్చారు. తాతల నాటి చేనేత చీరల వ్యాపారం. "మా అబ్బాయి కంప్యూటర్లో చూపించాడమ్మా, బ్రహ్మాండంగా ఉంది. మరి ఎవరూ ఎందుకు కొనటంలేదు?" అన్నారు. ఆయన ఫోన్లోనే తెరిచాం. పేజీ అంతా ముడుచుకుపోయి, అక్షరం చదవడానికి లేకుండా వచ్చింది. రెండు వేళ్లతో సాగదీస్తే చీర అంచు కనిపించింది, ధర కుడిపక్క తెర బయటికి పోయింది. ధర కోసం పక్కకి జరిపితే చీర పోయింది. పట్టు, నూలు, డ్రెస్ మెటీరియల్ అని విభాగాలున్నాయి గానీ మౌసు బాణం పైన ఆనిస్తేనే అవి విచ్చుకుంటాయి. ఫోనుకి మౌసు ఎక్కడిది? నూలు చీరలున్నాయన్న సంగతే ఫోన్లో చూసేవాళ్లకి తెలిసే దారి లేదు. దుకాణం నంబరు ఒక బొమ్మలో కలిసిపోయి ఉంది. నొక్కితే కాల్ వెళ్లదు, కాగితం మీద రాసుకుని మళ్లీ కొట్టుకోవాలి. అన్నీ దాటుకుని డబ్బు కట్టే చోటికి చేరితే అక్కడ క్యూఆర్ కోడ్ బొమ్మ పెట్టారు. సైటు చూస్తున్నది ఏ ఫోన్లోనో, డబ్బు కట్టాల్సిందీ ఆ ఫోన్లోనే. ఫోను తన తెర మీదున్న కోడ్‌ని తన కెమెరాకే ఎలా చూపిస్తుంది?

ఆయన కాసేపు చూసి ఫోను బల్ల మీద పెట్టేశారు. "షాపు గడప దాకా వచ్చి ఎవరన్నా వెనక్కి మళ్లితే గల్లాపెట్టె దగ్గర్నుంచి నాకు కనపడుతుంది. కుర్రాణ్ని పంపి పిలిపిస్తాను. ఇక్కడ ఎంతమంది మళ్లిపోయారో!" అన్నారు. ఈ విషయంలో నేను చెప్పదలుచుకున్నదంతా ఆ మాటలోనే ఉంది. సైటు బాగాలేదని ఎవరూ ఫోన్ చేసి చెప్పరు, తిట్టరు కూడా. వెనక మీట నొక్కి ఇంకో దుకాణానికి వెళ్లిపోతారు. నష్టం ఏ ఖాతా పుస్తకంలోనూ పడదు కాబట్టి యజమానికి అది నష్టమనే తెలియదు.

ఇదంతా ఎక్కడ మొదలైందో చెప్పాలంటే కాగితం దగ్గరికి వెళ్లాలి. ఈ పనిలోకి రాకముందు నేను డీటీపీ చేసేదాన్ని. పెళ్లి శుభలేఖ, ప్రారంభోత్సవం కరపత్రం, బిల్ బుక్కు, ఏది చేసినా ముందు అడిగేది సైజు. ఏ ఫోరా, డెమ్మీలో సగమా తేలితే గానీ పని మొదలవదు. సైజు తెలిస్తే ప్రతి అక్షరం ఎక్కడ కూర్చోవాలో మన ఇష్టం. వెబ్‌లోకి వచ్చిన తొలితరం డిజైనర్లలో చాలామంది ఈ అచ్చు రంగం అలవాటుతోనే వచ్చారు. నిజానికి వెబ్ పుట్టుక వేరు. 1991లో టిమ్ బెర్నర్స్ లీ పెట్టిన మొట్టమొదటి పేజీని ఇవాళ తెరిచి బ్రౌజర్ కిటికీని సన్నగా చేసినా, వెడల్పు చేసినా వాక్యాలు దానికి తగ్గట్టు విరుగుతాయి. దానికంటూ ఒక సైజు లేదు. తర్వాత వచ్చినవాళ్లు సైజు పెట్టారు. ఒకప్పుడు 800 చుక్కల (పిక్సెళ్ల) వెడల్పు తెరకి, మానిటర్లు పెద్దవయ్యాక 960కి పేజీని బిగించేశారు. 2000లోనే ఆస్ట్రేలియాకి చెందిన జాన్ ఆల్‌సాప్ ఒక వ్యాసంలో హెచ్చరించారు, అచ్చుపేజీ మీదున్న పెత్తనాన్ని వెబ్ మీద కోరుకోకండి, ఈ మాధ్యమం సాగే గుణాన్ని ఒప్పుకోండి అని. అప్పట్లో వినే అవసరం ఎవరికీ కలగలేదు.

2007లో ఐఫోన్ వచ్చింది. తెర వెడల్పు 320 చుక్కలు. లోకంలో ఉన్న సైట్లలో చాలావరకు 960కి అటూ ఇటూగా బిగించి ఉన్నాయి. ఆపిల్ వాళ్లు దానికో ఉపాయం పన్నారు. ఫోను తన వెడల్పు 980 అని పేజీకి చెబుతుంది. పేజీ నమ్మి ఆ వెడల్పులో పరుచుకుంటుంది. ఫోను దాన్ని కుదించి 320లో చూపిస్తుంది. చదవాలంటే వేళ్లతో సాగదీసుకోవాలి. ఆనాటికి అది గొప్ప ఉపాయమే. కానీ ఫోన్లు ఇప్పటికీ ఆ అలవాటు మానలేదు. పేజీ తలభాగంలో "నీ అసలు వెడల్పే తీసుకో" అని చెప్పే వాక్యం ఒకటి రాస్తే తప్ప అవి 980 అనే అనుకుంటాయి. దాన్ని వ్యూపోర్ట్ లైను అంటాం. మంగళగిరి పెద్దాయన సైటు అంతగా ముడుచుకుపోవడానికి మొదటి కారణం ఆ ఒక్క లైను లేకపోవడం. అలాగని ఆ లైను చేర్చి చేతులు దులుపుకుంటే సరిపోదు, 960కి బిగించిన పెట్టెలు అప్పుడు తెర దాటి బయటికి పొంగుతాయి. పెట్టెల్నే మార్చాలి.

మధ్యలో కొన్నేళ్లు ఇంకో పద్ధతి నడిచింది. కంప్యూటర్‌కి ఒక సైటు, ఫోనుకి అడ్రసు ముందు ఎం అక్షరం తగిలించి వేరే సైటు. రెండు చోట్లా ఒకే ధర ఉండేలా ఎవరు చూస్తారు? పండక్కి డిస్కౌంటు ఒకదాంట్లో మారుతుంది, రెండోదాంట్లో మారదు. ఈ తలనొప్పికి అసలైన మందు 2010 మే 25న వచ్చింది. అమెరికాలో ఈథన్ మార్కాట్ అనే డిజైనర్ ఆరోజు వెలువరించిన వ్యాసంలో రెస్పాన్సివ్ వెబ్ డిజైన్ అన్న పేరు పెట్టారు. మనుషుల రాకపోకల్ని బట్టి గోడలు, గదులు మారేలా కట్టాలని ఆలోచిస్తున్న ఆర్కిటెక్టుల దగ్గర్నుంచి ఆయన ఆ పేరు తీసుకున్నారు. ఆయన చెప్పినవి మూడు పనులు. పెట్టెల వెడల్పుని చుక్కల్లో కాక శాతాల్లో చెప్పడం. 960 చుక్కల పేజీలో 240 చుక్కల పెట్టె ఉంటే, 240ని 960తో భాగించి 25 శాతం అని రాస్తాం. పేజీ ఎంత సన్నబడితే పెట్టె అంత సన్నబడుతుంది. రెండోది, బొమ్మ ఎప్పుడూ తన పెట్టెని దాటకూడదు. మూడోది, తెర మరీ సన్నమైతే అమరికే మారాలి. నాలుగు వరసల్లో ఉన్న చీరలు టాబ్లెట్‌లో మూడు, ఫోన్లో రెండు కావాలి. ఇంతే. ఒకే సైటు, ఒకే అడ్రసు, ఒకే ధర. మరుసటి ఏడాది బోస్టన్ గ్లోబ్ పత్రిక తన సైటు మొత్తాన్ని ఈ పద్ధతిలోకి మార్చాక, ఇది చిన్న సైట్లకే పనికొస్తుందన్న వాదన నోరు మూతపడింది.

ఒకే అడ్రసు అన్నది మనవాళ్లకి ఎంత అవసరమో చెప్తాను. డల్లాస్‌లో ఉన్న కూతురు ఆఫీసు లాప్‌టాప్‌లో ఒక చీర చూసి తెనాలిలో ఉన్న తల్లికి వాట్సాప్‌లో లింకు పంపుతుంది. తల్లి ఫోన్లో చూస్తుంది, అక్షరాల సైజు పెంచి పెట్టుకున్న ఫోను అది. పక్కింటి వదినగారికి చూపిస్తుంది. అమ్మ ఊఁ అంటే కూతురు డబ్బు కడుతుంది. చీర కొన్నది ఒకరే గానీ ఆ పేజీ రెండు రకాల తెరల మీద తెరుచుకుంది. ఏ ఒక్క చోట చెడినా బేరం తెగిపోయినట్టే. కొంతమంది డిజైనర్లు పేజీ అందం చెడిపోతుందని ఫోన్లో వేళ్లతో సాగదీయకుండా తాళం వేస్తారు. ఆ తల్లిలాంటి వాళ్లని తలుచుకుంటే నాకు కోపం వస్తుంది. అక్షరాల్ని రెండింతలకి పెంచినా పేజీ పనిచేయాలని అందరికీ అందుబాటు గురించిన అంతర్జాతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. చూపు తగ్గినవాళ్లు కూడా కొనేవాళ్లే కదా.

మన దేశంలో కాలం ఎప్పుడు మారిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2016 సెప్టెంబరులో జియో వచ్చింది. అదే ఏడాది యూపీఐ మొదలైంది. ప్రపంచం మొత్తం లెక్కలోనూ కంప్యూటర్ల కంటే ఫోన్లు, టాబ్లెట్ల నుంచి వెబ్ చూడటం మొదటిసారి ఎక్కువైంది ఆ అక్టోబరులోనేనని స్టాట్‌కౌంటర్ సంస్థ లెక్క. మన ఊళ్లలో కోట్లమంది కంప్యూటర్ ముఖం చూడకుండా నేరుగా ఫోనుతోనే ఇంటర్నెట్‌లోకి వచ్చారు. వాళ్లకి ఫోను సైటు అంటే పెద్ద సైటుకి తమ్ముడేం కాదు, అసలు సైటు అదే.

గూగుల్ ఇది గ్రహించి లెక్క మార్చుకుంది. 2015 ఏప్రిల్ 21 నుంచి, ఫోన్లో వెతికినప్పుడు ఫోనుకి అనువైన పేజీలకి మొగ్గు చూపడం మొదలుపెట్టింది. 2018 నుంచి ఇంకో మెట్టు ఎక్కింది. పేజీని ఫోను కళ్లతోనే చదివి, దాన్ని బట్టే తన చిట్టాలో రాసుకుంటుంది. 2023కల్లా ఆ మార్పు పూర్తయింది. వ్యాపారికి దీని అర్థం ఏమిటంటే, ఫోన్లో ఇరుకుగా ఉందని మీ చీరల వివరాలు తీసేస్తే, గూగుల్ దృష్టిలో ఆ వివరాలు లేనట్టే.

"ఇవన్నీ ఎందుకమ్మా, వాట్సాప్ ఉంది, ఇన్‌స్టా ఉంది" అనేవాళ్లూ ఉన్నారు. అవి ఉండాల్సిందే. కొత్త సరుకు రాగానే పాత ఖాతాదార్లకి చెప్పడానికి వాట్సాప్‌ని మించింది లేదు. కానీ మిమ్మల్ని ఎరగనివాళ్లు మీ నంబరు దాచుకుని ఉండరు, వాళ్లు వెతుకుతారు. పెద్ద కంపెనీలకే ఈ సంగతి అనుభవమైంది. మింత్రా 2015 మేలో తన వెబ్‌సైటు మూసేసి యాప్ ఒక్కటే ఉంచింది. 2016 జూన్‌కల్లా సైటుని మళ్లీ తెరిచింది. అంత పేరున్న సంస్థే జనం ఏ దారిన వస్తే ఆ దారిన తలుపు తీసి ఉంచాలనుకుంటే, మంగళగిరి దుకాణం ఒకే తలుపు పెట్టుకోవడం ఎందుకు?

ఇక తెలుగు సంగతి. దీని గురించి ఇంగ్లీషు పాఠాల్లో ఎక్కడా చెప్పరు, మన దగ్గర సైట్లు చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. మన వ్యాపారాల కరపత్రాలు దశాబ్దాలుగా అను ఫాంట్లలో తయారయ్యాయి. అచ్చుకి అవి చాలా అందం. కానీ ఆ అక్షరాల్ని తీసుకొచ్చి వెబ్‌లో అతికిస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి, అవి యూనికోడ్ కావు కాబట్టి. దాంతో సైటు చేసేవాళ్లు సులువు దారి పట్టి, కరపత్రాన్నే బొమ్మగా మార్చి పేజీలో పెట్టేస్తారు. బొమ్మలో ఉన్న వాక్యం తెర వెడల్పుకి తగ్గట్టు విరగదు, మొత్తంగా కుదించుకుపోతుంది. ఏ ఫోర్ కాగితం మీద హాయిగా చదివే సమాచారం అరచేతిలో చీమల బారవుతుంది. వెతికేవాళ్లకి దొరుకుతుందన్న నమ్మకం లేదు, చూపులేనివాళ్ల ఫోను దాన్ని సరిగ్గా చదివి వినిపించలేదు. కాబట్టి నా దగ్గరికి కరపత్రం తెచ్చినవాళ్ల వాక్యాలన్నీ యూనికోడ్‌లో మళ్లీ టైపు చేయిస్తాను. దానికి డబ్బు అవుతుంది. ఆ ఖర్చు తగ్గించమంటే మాత్రం ఒప్పుకోను.

ఫాంటు మార్చినంతలో అయిపోదు. ఇంగ్లీషు అక్షరం కోసం గీసిన పెట్టెలో తెలుగు పట్టదు. వస్త్రాలయం అన్న పేరే చూడండి, స కింద త వత్తు, దానికి తోడు రావత్తు. వరసకీ వరసకీ మధ్య ఎడం ఇంగ్లీషుకి ఇచ్చినంతే ఇస్తే పై వరస వత్తులు కింది వరస గుడుల్లో ఇరుక్కుంటాయి. మీట ఎత్తుని చుక్కల్లో బిగిస్తే వత్తు సగానికి తెగిపోతుంది. నేను అక్షరం సైజుకి ఒకటిన్నర రెట్లకి పైనే వరస ఎత్తు ఇస్తాను, తెలుగున్న ఏ పెట్టెకీ ఎత్తు బిగించను. మన మాటలు పొడుగు కూడా. ఇరుకు తెరలో ఒక్క మాటే అంచు దాటి బయటికి వెళ్తుంది. అలాంటి చోట అక్షరాలు చిన్నవి చేయడం కంటే పొట్టి మాట వెతకడం మేలు. మండలి, రామభద్ర లాంటి మంచి తెలుగు ఫాంట్లు గూగుల్ దగ్గర ఉచితంగా దొరుకుతున్నాయి. ఒక సైటుకి ఒకటి, మహా అయితే రెండు చాలు. తెలుగు ఫాంటు ఫైళ్లు ఇంగ్లీషు వాటికంటే బరువు. నాలుగు ఫాంట్లు వాడితే అక్షరాలు కనబడేలోపు చూసేవాళ్ల ఓపిక అయిపోతుంది.

బరువంటే ఫొటోలు. చీరల ఫొటోగ్రాఫర్ ఇచ్చే ఫొటో ఆరువేల చుక్కల వెడల్పు ఉంటుంది, ఒక్కొక్కటి ఎన్నో ఎంబీలు. మామూలు ఆండ్రాయిడ్ ఫోను తెర అడ్డంగా వెయ్యి చుక్కలకి అటూ ఇటూ. మిగిలిన చుక్కలన్నీ కొనేవాళ్ల డేటా తిని వృథాగా పోయినట్టే. ఒకే ఫొటోకి రెండు మూడు సైజులు తయారుచేసి, ఏ తెరకి ఏది కావాలో బ్రౌజరే ఎంచుకునేలా రాయొచ్చు. అసలు బొమ్మ రెండున్నర సెకన్ల లోపు కనిపిస్తే మంచి పేజీ అని గూగుల్ కొలత. చీరల విషయంలో నేను ఒక మినహాయింపు పెట్టుకున్నాను. మంగళగిరి చీర నిజాం అంచు నేతని దగ్గర్నుంచి చూడాలనే కోరిక కొనేవాళ్లకి ఉంటుంది. అందుకని పెద్ద ఫొటోని పారేయను, నొక్కితేనే దిగేలా పెడతాను. ఇంకో జాగ్రత్త, ప్రతి ఫొటోకి చోటు ముందే కేటాయించి ఉంచాలి. లేకపోతే ఆర్డర్ మీట మీద వేలు పెట్టబోయే క్షణంలో పైన ఫొటో దిగి, మీట కిందికి జారి, వేలు ఇంకెక్కడో పడుతుంది. మీటలు బొటనవేలికి సరిపోయేంత ఉండాలి. 48 చుక్కల ఎత్తు గూగుల్ చెప్పే లెక్క, ఆపిల్ 44 అంటుంది.

ఇవన్నీ డిజైనర్ చూసుకునే పనులు. యజమాని తప్ప ఇంకెవరూ తేల్చలేనిది ఒకటుంది. కంప్యూటర్ తెర మీద మూడు పెట్టెలు పక్కపక్కనే కూర్చుంటాయి, గొడవ లేదు. ఫోన్లో అవి ఒకదాని కింద ఒకటి వస్తాయి. ఏది పైన ఉండాలి? చాలా సైట్లలో పైన ఉండేది వ్యవస్థాపకుల పూలదండ ఫొటో, దాని కింద సంస్థ చరిత్ర. పెద్దల మీద గౌరవం ఉండాల్సిందే, దానికి వేరే పేజీ అందంగా చేసిపెడతాను. రాత్రివేళ పండిట్ నెహ్రూ బస్ స్టేషన్లో పిల్లల్తో దిగి, ఒక చేత్తో బ్యాగు పట్టుకుని ఇంకో చేత్తో లాడ్జి సైటు తెరిచినవాళ్లకి మాత్రం కావలసింది గది ఉందా, ఎంత, ఎంత దూరం, ఎవరికి ఫోన్ చేయాలి. ఈ నాలుగూ వేలు కదపకుండా కనిపించాలి. ఒక లాడ్జి యజమానితో ఈ వరస తేల్చుకోవడానికి సైటు కట్టడం కంటే ఎక్కువ సమయం పట్టింది. ఆ చర్చలో ఆయనకి తన వ్యాపారంలో ఏది ముఖ్యమో స్పష్టపడింది. రేట్ల పట్టిక తిరగరాశారు.

ఇప్పుడు నా బల్ల మీదున్న పని ఆత్రేయపురం పిన్నిగారిది. పూతరేకులు చేస్తారు. ఆ పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చాక దూరం నుంచి అడిగేవాళ్లు పెరిగారట. "నాకు కంప్యూటర్ లేదమ్మా, కోడలి ఫోన్లో నేను చూసుకునేట్టు చెయ్యి" అన్నారు. ఇంతకంటే సరైన షరతు నాకు ఏ కంపెనీ వాళ్లూ పెట్టలేదు. బెల్లం, పంచదార, డ్రైఫ్రూట్ రకాలు, వాటి ధరలు, ఎన్నాళ్లు నిలవ ఉంటాయి, మీ పిన్‌కోడ్‌కి పంపుతామా లేదా, అవే మొదటి తెర. ఫారంలో పేరు, నంబరు, పిన్‌కోడ్, చిరునామా తప్ప ఇంకేం అడగను. నంబరు గడి నొక్కితే అంకెల మీటలే పైకి వస్తాయి. డబ్బు మీట నొక్కితే నేరుగా యూపీఐ యాప్ తెరుచుకుంటుంది.

సైటు చేయించుకునేవాళ్లు ఎవరైనా సరే, ఆఖరి విడత డబ్బు ఇచ్చే ముందు దుకాణంలో ఉన్న ఫోన్లలో అన్నింటికంటే చవకదాన్ని తీసుకోండి. వైఫై కట్టేయండి. వీధిలోకి, ఎండలోకి వెళ్లి, ఒంటిచేత్తో మీ సరుకే మీరు ఒకటి ఆర్డర్ చేసి, నిజంగా డబ్బు కట్టండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడ వేలు పెట్టి డిజైనర్‌కి చూపించండి. పిన్నిగారి కోడలు వచ్చే వారం ఆ పని చేస్తుంది. బెల్లం పూతరేకుల పెట్టె ఒకటి మా గవర్నరుపేట ఆఫీసు చిరునామాకి ఆర్డర్ చేయమని చెప్పాను. అది దారిలో విరగకుండా చేరిందో లేదో కూడా అప్పుడే తేలుతుంది.